ఒకే పేరు, వేర్వేరు యంత్రాలు

అనంతపురం నుంచి బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి పక్కన, పెనుకొండకు దగ్గర్లో ఎర్రమంచి ఉంది. 2019 ఆగస్టులో అక్కడి కియా కర్మాగారం నుంచి మొదటి సెల్టోస్ బయటికొచ్చింది. ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచేయగల కర్మాగారం అది. అక్కడి నుంచి వచ్చిన సెల్టోస్‌లన్నిటి వెనకా ఒకటే పేరు ఉంటుంది. కానీ 2023 జూలైలో మార్పులతో వచ్చిన సెల్టోస్‌ను తీసుకుంటే, ఆ ఒక్క పేరు కింద మూడు ఇంజన్లు, ఐదు రకాల గేర్‌బాక్సులు, మూడు సైజుల చక్రాలు ఉన్నాయి. వీటికి సీట్లు, దీపాలు, కెమెరాలు, తెరలు జోడించి రకరకాలుగా కలిపితే వచ్చినవే హెచ్‌టీఈ, హెచ్‌టీకే, హెచ్‌టీఎక్స్, జీటీఎక్స్ ప్లస్, ఎక్స్ లైన్ లాంటి వేరియంట్లు. అన్నిటికన్నా కిందిదానికీ పైదానికీ ధరలో లక్షల తేడా ఉంటుంది.

ఈ అధ్యాయంలో సెల్టోస్ ఉదాహరణ మాత్రమే. మీరు క్రెటా చూస్తున్నా, గ్రాండ్ విటారా, టైగన్, ఎలివేట్ చూస్తున్నా లెక్క వేసే పద్ధతి ఇదే. మోడళ్లు మూడు నాలుగేళ్లకోసారి మారతాయి. ఇంజన్‌ను, టైరును, బ్రేకును నడిపించే భౌతికశాస్త్రం మారదు.

అసలు కంపెనీ ఇన్ని వేరియంట్లు ఎందుకు చేస్తుంది? ఉక్కు రేకును నొక్కి తలుపుగా, పైకప్పుగా మలిచే అచ్చులు చాలా ఖరీదైనవి. వేరియంటుకో అచ్చు చేయడం జరిగే పని కాదు. అందుకే కారు అస్థిపంజరం, అంటే బాడీ షెల్, దాదాపు అన్ని వేరియంట్లకూ ఒకటే. రంగు వేయడం అయ్యాక, అసెంబ్లీ లైను మీద బిగించే వస్తువుల్లోనే తేడా మొదలవుతుంది. ఏ బండికి ఏ ఇంజన్, ఏ వైర్ల కట్ట, ఏ సీట్లు అన్నది ముందే రాసి ఉంటుంది. ఆ ప్రకారం బిగించుకుంటూ పోతారు.

కొనేవాళ్లు పట్టించుకోవలసిన మొదటి విషయం ఇక్కడే ఉంది. లైను మీద బిగించినవాటిలో కొన్నిటిని తర్వాత బయట కూడా అమర్చుకోవచ్చు. సీటు కవర్లు, ఫ్లోర్ మ్యాట్లు, మామూలు రివర్స్ కెమెరా, డాష్ క్యామ్ ఈ జాతివి. కొన్నిటిని ఎంత డబ్బు పోసినా తర్వాత సరిగా పెట్టించుకోలేం. ఇంజన్, గేర్‌బాక్స్, కర్టెన్ ఎయిర్‌బ్యాగులు, ముందు బంపరులోని రాడార్ ఈ రెండో జాతివి. క్రూయిజ్ కంట్రోల్ చిన్న మీటలా కనిపిస్తుంది. కానీ కింది వేరియంటు వైర్ల కట్టలో దానికి తీగే ఉండకపోవచ్చు. బయట షాపులో వైరు కోసి అతికిస్తే వారంటీ ప్రశ్నార్థకం అవుతుంది. అతుకు సరిగా లేని చోట వేడి పుట్టి మంటలు అంటుకునే ప్రమాదమూ ఉంది.

షోరూమ్‌లో పోలిక తలకిందులుగా సాగుతుంది. ముందు పెద్ద తెర చూపిస్తారు, తర్వాత సన్‌రూఫ్, తర్వాత డాష్‌బోర్డు మీద వెలిగే రంగు దీపాలు. ఇంజన్, గేర్‌బాక్స్ మాట చివర్లో వస్తుంది, టైరు మాట అసలు రాదు. మనం చివరి నుంచి మొదలుపెడదాం.

మూడు ఇంజన్లు, మూడు స్వభావాలు

ఆ సెల్టోస్‌లో మామూలు 1.5 లీటర్ల పెట్రోల్ ఇంజన్ 115 పీఎస్ శక్తి, 144 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. 1.5 లీటర్ల డీజిల్ 116 పీఎస్, 250 న్యూటన్ మీటర్లు. 1.5 లీటర్ల టర్బో పెట్రోల్ 160 పీఎస్, 253 న్యూటన్ మీటర్లు. బ్రోషర్‌లో మొదటి రెండిటి పీఎస్ అంకెలు చూసి, రెండూ సమానమే అనుకునేవాళ్లు చాలామంది. రోడ్డు మీద అవి ఏమాత్రం సమానం కావు.

టార్క్ అంటే ఇరుసును తిప్పే బలం. ఆ బలంతో నిమిషానికి ఎన్నిసార్లు తిప్పుతోందో కూడా లెక్కలోకి తీసుకుంటే వచ్చేది శక్తి. మామూలు పెట్రోల్ ఇంజన్ తన పూర్తి 115 పీఎస్ ఇచ్చేది నిమిషానికి 6,300 చుట్ల దగ్గర. రోజువారీ నడకలో ఆ చుట్ల దాకా వెళ్లేవాళ్లు అరుదు. మనం ఎక్కువసేపు ఉండేది 1,500 నుంచి 2,500 మధ్యలో. డీజిల్ ఇంజన్ 250 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చేది సరిగ్గా ఆ చోటే, 1,500 నుంచి 2,750 చుట్ల మధ్య. 1,750 చుట్ల దగ్గర లెక్కగడితే డీజిల్ ఇంజన్ దగ్గర సుమారు 62 పీఎస్ సిద్ధంగా ఉంటుంది. అదే వేగంలో మామూలు పెట్రోల్ ఇంజన్ తన అత్యధిక టార్క్ మొత్తం ఇచ్చిందనుకున్నా 36 పీఎస్ దాటదు. నిజానికి దాని అత్యధిక టార్క్ 4,500 చుట్ల దగ్గర గానీ రాదు కాబట్టి అంతకన్నా తక్కువే.

ఇప్పుడు ఘాట్ రోడ్డు ఎక్కిద్దాం. ఐదుగురు మనుషులు, సామాను కలిపి బండి 1,700 కిలోలు అనుకుందాం. 100 మీటర్లకు 8 మీటర్లు ఎక్కే వాలు, వేగం గంటకు 40 కిలోమీటర్లు. ఆ బరువును పైకి ఎత్తడానికీ, టైర్ల దొర్లుడు నిరోధాన్ని దాటడానికీ చక్రాల దగ్గర దాదాపు 24 పీఎస్ కావాలి. మామూలు పెట్రోల్ బండి ఎక్కుతుంది, అందులో అనుమానం లేదు. కానీ తక్కువ చుట్ల దగ్గర దాని చేతిలో మిగిలేది కొంచెమే. ముందున్న లారీని దాటాలంటే గేరు దించి, ఇంజన్‌ను గట్టిగా తిప్పక తప్పదు. ఆ మోత విని ‘బండిలో బలం లేదు’ అనడం న్యాయం కాదు. ఆ ఇంజన్ బలం పై చుట్లలో ఉంది, అంతే. ఇంటి నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి ఇంటికి తిరిగే బండికి ఆ ఇంజన్ నిక్షేపంలా సరిపోతుంది.

అలాగని అందరికీ డీజిల్ మంచిదనీ కాదు. పొగలోని మసిని పట్టి ఉంచడానికి బీఎస్6 డీజిల్ కార్ల పొగ గొట్టంలో డీపీఎఫ్ అనే వడపోత ఉంటుంది. అందులో చేరిన మసిని అప్పుడప్పుడు కాల్చేయాలి. అందుకు 600 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల వేడి కావాలి. హైవే మీద ఒకే వేగంతో కొంతసేపు వెళితే ఆ పని దానంతటదే జరిగిపోతుంది. రోజూ నాలుగు కిలోమీటర్లు వెళ్లి ఆపేసే బండిలో ఆ వేడి అందదు. మసి పేరుకుంటుంది, డాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలుగుతుంది, చివరికి సర్వీస్ సెంటర్‌కి పోవలసి వస్తుంది. పిల్లలను బడికి దింపడానికీ కూరగాయలకూ తప్ప బయటికి తీయని ఇంటికి డీజిల్ వేరియంట్ అమ్మడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

డబ్బు లెక్క కూడా వేద్దాం. డీజిల్ వేరియంటు లక్షన్నర ఎక్కువ అనుకుందాం. పెట్రోలు లీటరు 107 రూపాయలు, డీజిల్ 95 అని పెట్టుకుందాం. పెట్రోల్ బండి లీటరుకు 12 కిలోమీటర్లు, డీజిల్ 16 ఇస్తున్నాయనుకుంటే కిలోమీటరుకు మిగిలేది సుమారు 3 రూపాయలు. లక్షన్నర తిరిగి రావాలంటే 50,000 కిలోమీటర్లు నడపాలి. ఏడాదికి 8,000 తిరిగేవాళ్లకు ఆరేళ్ల పైమాట. 20,000 తిరిగేవాళ్లకు రెండున్నరేళ్లు. మీ ఊరి ధరలు, మీ తిరుగుడు పెట్టి ఇదే లెక్క మీరూ వేసుకోండి. ఇథనాల్ లీటరులో ఉండే శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే. కాబట్టి 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలులో శక్తి ఆరేడు శాతం తక్కువ. మైలేజీ అంకె వేసుకునేటప్పుడు అదీ గుర్తుంచుకోవాలి.

క్లచ్ లేని కారులో క్లచ్

‘ఆటోమేటిక్ కావాలి’ అని అడిగితే సరిపోదు. ఆ ఒక్క మాట కింద కనీసం మూడు వేరు వేరు యంత్రాలు అమ్ముతున్నారు. సెల్టోస్‌లోనే మామూలు పెట్రోల్‌కు ఒకటి, డీజిల్‌కు ఒకటి, టర్బోకు ఒకటి ఇచ్చారు.

డీజిల్‌కు ఇచ్చింది టార్క్ కన్వర్టర్. ఇంజన్‌కూ గేర్లకూ మధ్య నూనె ఉంటుంది. ఇంజన్ వైపు రెక్కలు నూనెను విసురుతాయి, ఆ నూనె గేర్ల వైపు రెక్కలను తిప్పుతుంది. బండి కదలడం మొదలుపెట్టేటప్పుడు లోహం లోహాన్ని రాసుకోదు, పైగా ఆ క్షణంలో టార్క్ పెరుగుతుంది కూడా. వేగం అందుకున్నాక లోపలి తాళం పడి నేరుగా కలుస్తుంది. మామూలు పెట్రోల్‌కు ఇచ్చింది సీవీటీ జాతిది. కియా దాన్ని ఐవీటీ అంటుంది. అందులో మెట్లు మెట్లుగా గేర్లు ఉండవు. రెండు కప్పీల మధ్య ఒక బెల్టు ఉంటుంది, కప్పీల వెడల్పు మారే కొద్దీ గేరు నిష్పత్తి జారుడుగా మారుతుంది. నగరంలో అంత మెత్తటి నడక మరోదానిలో ఉండదు. గట్టిగా తొక్కితే మాత్రం ఇంజన్ ముందు అరుస్తుంది, వేగం తర్వాత వస్తుంది.

టర్బోకు ఇచ్చిన డీసీటీని కాస్త దగ్గరగా చూడాలి. ఇందులో రెండు క్లచ్చులు ఉంటాయి. ఒకటి బేసి గేర్లకు, ఒకటి సరి గేర్లకు. రెండో గేరులో వెళుతుండగానే మూడో గేరు సిద్ధమై ఉంటుంది. అందుకే మార్పు రెప్పపాటులో జరుగుతుంది, హైవే మీద అది ఆనందమే. కానీ ఈ తరగతి కార్లలో వచ్చేది ఎక్కువగా పొడి క్లచ్. దాన్ని చల్లార్చడానికి నూనె ఉండదు, గాలి మాత్రమే ఉంటుంది. సాయంత్రం ఏడింటికి హైటెక్ సిటీ నుంచి కూకట్‌పల్లి వైపు బయలుదేరారనుకోండి. బండి ఐదు అడుగులు కదులుతుంది, ఆగుతుంది, మళ్లీ కదులుతుంది. ప్రతి కదలికకూ క్లచ్ పలక సగం పట్టి సగం జారుతుంది. సాన రాయికి కత్తి ఆనించినట్టే, జారిన ప్రతిసారీ వేడి పుడుతుంది. ఆ వేడి పోవడానికి గాలి ఆడదు, ఎందుకంటే బండి కదలడం లేదు. ఒక హద్దు దాటితే కంప్యూటర్ హెచ్చరిస్తుంది. ముందు బండికి పది అడుగులు ఖాళీ వదిలి, బ్రేకు మీద కాలు ఉంచి, ఆ ఖాళీని ఒకేసారి నింపేలా నడిపితే క్లచ్ జారడం తగ్గుతుంది. వాలు మీద యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టి ఉంచడం దీనికి పరమ శత్రువు. ఇది చెప్పకుండా డీసీటీ అమ్మకూడదు.

నా తీర్పు ఇది. రోజులో ఎక్కువ భాగం ట్రాఫిక్‌లో నిలబడేవాళ్లకు టార్క్ కన్వర్టర్ లేదా సీవీటీ. వారం వారం దూర ప్రయాణాలు చేస్తూ, వేగంగా నడపడం ఇష్టమైనవాళ్లకు టర్బో డీసీటీ.

టైరు పక్కన వంగి చూడండి

షోరూమ్‌లో ఎవరూ చేయని పని ఒకటి చేయండి. టైరు పక్కన కూర్చుని దాని మీద అచ్చు వేసిన అంకెలు చదవండి. 2023 సెల్టోస్ కింది వేరియంట్లలో 205/65 ఆర్16 అని, మధ్యవాటిలో 215/60 ఆర్17 అని, పైన జీటీ లైన్, ఎక్స్ లైన్‌లలో 215/55 ఆర్18 అని ఉంటుంది. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది ఆ వెడల్పులో టైరు పక్క గోడ ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. చివరిది చక్రం వ్యాసం, అంగుళాల్లో. గుణించి చూస్తే 16 అంగుళాల చక్రం చుట్టూ 133 మిల్లీమీటర్ల రబ్బరు గోడ ఉంది, 18 అంగుళాల దాని చుట్టూ 118 మాత్రమే.

ఆ 15 మిల్లీమీటర్లే మన రోడ్ల మీద పెద్ద తేడా తెస్తాయి. గుంత అంచు తగిలినప్పుడు మొదట నలిగేది స్ప్రింగు కాదు, టైరులోని గాలి. గోడ ఎత్తుగా ఉంటే ఆ దెబ్బను మింగడానికి చోటు ఉంటుంది. పొట్టిగా ఉంటే రబ్బరు గుంత అంచుకూ చక్రం అంచుకూ మధ్య నలిగి లోపలి దారాలు తెగుతాయి. మర్నాడు చూస్తే టైరు పక్కన ఉబ్బు కనిపిస్తుంది. అలాంటి టైరును పారేయడమే తప్ప బాగుచేయడం లేదు. పైగా పెద్ద చక్రం సాధారణంగా బరువెక్కువ. స్ప్రింగుకు కింద ఉండే బరువు పెరిగే కొద్దీ చక్రం గతుకుల మీద రోడ్డును అంటిపెట్టుకుని నడవడం కష్టమవుతుంది. మరి 18 అంగుళాలతో లాభమే లేదా? ఉంది. మలుపులో గోడ తక్కువ వంగుతుంది కాబట్టి స్టీరింగ్ తిప్పినట్టు బండి తిరుగుతుంది. నున్నటి ఎక్స్‌ప్రెస్‌వేల మీద ఆ హాయి నిజమే. మండల కేంద్రానికీ ఊరికీ మధ్య రోడ్డు మీద నేను మాత్రం 16 లేదా 17కే ఓటు వేస్తాను.

డిక్కీ తెరిచి స్టెప్నీ కూడా చూడండి. మిగతా నాలుగు చక్రాలు ఏ సైజయినా, స్టెప్నీ చిన్నది ఇచ్చే పద్ధతి మామూలైపోయింది. అది వేసుకున్నప్పుడు వేగం ఎంత మించకూడదో దాని మీదే రాసి ఉంటుంది.

ప్రాణం కాపాడేవి

2020 నవంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ అప్పటి సెల్టోస్‌ను గుద్దించి పరీక్షించింది. అది రెండు ఎయిర్‌బ్యాగుల వేరియంటు. పెద్దల రక్షణలో 3 నక్షత్రాలు, పిల్లల రక్షణలో 2 వచ్చాయి. బాడీ షెల్ నిలకడగా లేదని కూడా ఆ సంస్థ చెప్పింది. 2023 మోడల్లో కింది వేరియంటు నుంచే ఆరు ఎయిర్‌బ్యాగులు, బండి అదుపు తప్పి జారకుండా చూసే ఈఎస్‌సీ, అన్ని సీట్లకూ మూడు చోట్ల పట్టే బెల్టులు ఇచ్చారు. ఇది మంచి మార్పు. అయితే ఎయిర్‌బ్యాగుల సంఖ్యా, బాడీ షెల్ గట్టితనమూ వేరు వేరు విషయాలు. బాడీ షెల్ అన్ని వేరియంట్లకూ ఒకటే కాబట్టి, టాప్ ఎండ్ కొన్నంత మాత్రాన ఉక్కు బలపడదు. దాన్ని మోడల్ ఎంచుకునే దశలోనే చూసుకోవాలి. 2023 అక్టోబరు నుంచి మనకు భారత్ ఎన్‌క్యాప్ ఉంది. ముందు భాగం గుద్దే పరీక్ష గంటకు 64 కిలోమీటర్ల వేగంతో చేస్తారు. నక్షత్రాలు చూసేటప్పుడు ఏ తేదీన, ఏ మోడల్‌కు వచ్చాయో చదవండి.

వేరియంట్ల మధ్య నిజంగా మారేవి రెండు. ఒకటి హెడ్‌లైట్లు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో అడ్డం కనిపించి, కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి ఒకటిన్నర సెకను పడితే ఆలోపే 33 మీటర్లు పోతాం. ఆగడానికి పొడి రోడ్డు మీద మరో 35 మీటర్లు. అంటే 68 మీటర్ల దాకా కనిపించాలి. రాత్రి లైటు లేని ట్రాక్టర్ ట్రాలీ ముందు ఉందనుకుంటే మంచి ఎల్ఈడీకీ బలహీనమైన హాలోజన్‌కూ ఉండే తేడా ఎంత విలువైనదో తెలుస్తుంది. రెండోది పై వేరియంట్లలో వచ్చే ఆటోమేటిక్ బ్రేకింగ్. బంపరులోని రాడార్, అద్దం వెనకాల కెమెరా కలిసి పనిచేస్తాయి. 60 వేగంతో గుద్దవలసినది 40తో గుద్దితే, దెబ్బలోని శక్తి 44 శాతానికి పడిపోతుంది. గుద్దడం ఆగకపోయినా ప్రాణం దక్కవచ్చు. గీతలు చెరిగిపోయిన రోడ్డు మీద లేన్ సహాయం అంతగా ఉపయోగపడదు. బ్రేకింగ్ సహాయం మాత్రం డబ్బు పెట్టదగినదే. ముందు అద్దం పగిలి మార్చితే కెమెరాను మళ్లీ సరిచూపించుకోవాలని గుర్తుంచుకోండి.

ఎండలో సుఖం

మిగిలిన హంగుల్లో గాలి ఆడే సీట్లను నేను విలాసం అనను. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి గంటకు సుమారు 360 కిలోజౌళ్ల వేడి వెలువడుతుంది. 50 గ్రాముల చెమట ఆవిరైతే అందులో మూడో వంతును తీసుకుపోతుంది. వీపు సీటుకు అతుక్కుని ఉంటే ఆ చెమట ఆవిరి కాలేదు. ఏసీ ఆరబెట్టిన గాలిని సీటు రంధ్రాల గుండా ఆడిస్తే అవుతుంది. బయట విజయవాడ ఉక్కపోత ఉన్నా లోపలి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి అక్కడా పనిచేస్తుంది.

పనోరమిక్ సన్‌రూఫ్ దీనికి వ్యతిరేక దిశలో పనిచేస్తుంది. సూర్యరశ్మి శక్తిలో దాదాపు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాలదే. రేకు పైకప్పు కింద ఉండే దళసరి లైనింగ్ ఇక్కడ ఉండదు, పల్చటి తెర ఒక్కటే ఉంటుంది. పెళ్లి ఊరేగింపుల్లో పిల్లలను సన్‌రూఫ్‌లోంచి పైకి నిలబెడుతున్నారు. ఒక్క సడన్ బ్రేకు చాలు. దయచేసి ఆ పని చేయకండి.

పైసా ఖర్చు లేని హంగు రంగు. 2011లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల ఒకే మోడల్ కార్లు రెండిటిని, ఒకటి నలుపు, ఒకటి వెండి రంగు, ఎండలో నిలబెట్టి కొలిచింది. వెండి రంగు కారు లోపలి గాలి 5 నుంచి 6 డిగ్రీలు చల్లగా ఉంది.

పై మెట్టుకు అసలు ధర

లక్ష ఎక్కువ అంటే లక్షే కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి, 4 మీటర్లు దాటిన ఈ తరగతి కార్లకు జీఎస్టీ 40 శాతం. ఎక్స్ షోరూమ్ ధరలో లక్ష తేడా ఉంటే అందులో సుమారు 28,600 ఆ పన్నే. దాని మీద లైఫ్ ట్యాక్స్. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ ధరల దగ్గర 17, 18 శాతం ఉంటుంది. మొత్తం లక్షా పదిహేడు వేలు కట్టి అందులో దాదాపు 46 వేలు పన్ను కింద ఇస్తున్నామన్నమాట. బయట కొనుక్కోగల విడి భాగాల మీద జీఎస్టీ 18 శాతమే. ధర 20 లక్షల గీత దాటితే లైఫ్ ట్యాక్స్ శాతం పెరుగుతుంది, అదీ మొత్తం ధర మీద. ఒక్క శాతం పెరిగినా 20 వేలు. అందుకే ఎక్స్ షోరూమ్ ధరలు కాదు, రెండు వేరియంట్ల ఆన్‌రోడ్ ధరలు పక్కపక్కన రాయించుకోండి. 10 లక్షలు దాటిన కారు మీద పట్టుకునే 1 శాతం టీసీఎస్ ఆదాయపు పన్ను రిటర్నులో లెక్కకొస్తుంది, దాన్ని వదులుకోకండి.

చివరగా టెస్ట్ డ్రైవ్. షోరూమ్ వాళ్లు నడపమని ఇచ్చేది ఎక్కువగా టాప్ ఎండ్ బండి. మీరు కొనేది మామూలు పెట్రోల్ సీవీటీ అయితే అదే కావాలని అడగండి. ఇవ్వడానికి రెండు రోజులు పడుతుందంటే ఆగండి. ఇంట్లో వాళ్లందరినీ ఎక్కించుకుని, మీరు రోజూ వెళ్లే రోడ్డు మీద, మీరు రోజూ వెళ్లే వేళకే నడపండి. బుకింగ్ రసీదు మీద వేరియంటు పూర్తి పేరు, ఇంజన్, గేర్‌బాక్స్, రంగు నాలుగూ రాయించుకున్నాకే అడ్వాన్స్ కట్టండి.